బావ విజిల్ ఊదిన మధ్యాహ్నం

మా బావ ఫుట్‌బాల్ రెఫరీ. ఒకే సాయంత్రం రెండు జట్ల చేతా, వాళ్ళ తాలూకు జనం చేతా నానా తిట్లూ తిని, ఇంటికొచ్చి ప్రశాంతంగా భోంచేయగల మనిషి. అలాంటివాణ్ణి వెతికి అక్కకు కట్టబెట్టడం మా నాన్న ముందుచూపు. అక్క నోటిని తట్టుకోవాలంటే ముందు ఎక్కడో సాధన చేసి ఉండాలి మరి.

ఆ మనిషి మ్యాచ్ ముగించుకుని సైకిల్ మీద వస్తుంటే మలుపులో వ్యాను తగిలింది. తల రోడ్డుకు కొట్టుకుంది. ప్రాణం దక్కింది, కొన్నాళ్ళకు కళ్ళు కూడా తెరిచారు. అంతే, అక్కడితో ఆగిపోయారు. పిలిస్తే తిరగరు. చెయ్యి నొక్కమంటే నొక్కరు. పైకప్పులో మాకు కనిపించనిదేదో ఉన్నట్టు దానికేసి చూస్తూ ఉండేవారు. నెలలు అలాగే గడిచాయి.

వార్డు పెద్ద డాక్టరు చెడ్డవాడేం కాదు. అందుకే ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి మాకు చాలా కష్టమైంది.

"చూడండమ్మా," అన్నాడాయన, "నడక, మాట, మింగడం మళ్ళీ నేర్పించే చికిత్సకు మా దగ్గర మంచాలు కొన్నే ఉన్నాయి. లోపల మనిషి ఉన్నాడని ఏదో ఒక గుర్తు కనిపించాలి. లేకపోతే సోమవారం సంరక్షణ గృహానికి పంపించక తప్పదు."

అక్కడ శుభ్రంగా చూస్తారు. వేళకు గొట్టంలో ఆహారం పోస్తారు, పుండ్లు పడకుండా పక్కకు తిప్పుతారు. కానీ ఎవరూ ఏమీ నేర్పరు. అక్కడికి వెళ్ళినవాళ్ళు తిరిగి ఈ వార్డుకు రారని నర్సు మాతో అనలేదు, వేరే నర్సుతో అంటుంటే మేం విన్నాం.

ఇక మిగిలింది కింది అంతస్తులో మెదడు దెబ్బల మీద పరిశోధన చేస్తున్న ఒక డాక్టరమ్మ. జుట్టు ముడిలో ఎప్పుడూ ఒక పెన్సిల్ గుచ్చి ఉంటుంది. అక్క ఆమెకు 'ఫొటోల డాక్టరమ్మ' అని పేరు పెట్టింది. అంతకుముందే బావ మెదడును ఫొటోలు తీసి, తెర మీద మాకు చూపించింది.

"మెదడులో ఏ ముక్కా ఒంటరిగా పని చేయదండీ," అంది. "వినే చోటు, ఆలోచించే చోటు, కాళ్ళూ చేతులూ ఆడించే చోటు ఎప్పుడూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూనే ఉంటాయి. దెబ్బకు మధ్యలో తీగలు తెగాయి. ఇదిగో, ఇక్కడ. 'చెయ్యి ఎత్తు' అన్న ఆజ్ఞ చేతి దాకా చేరట్లేదు. కానీ అసలు ఆజ్ఞ పుడుతోందా? నాక్కావలసింది అది."

"అంటే బండి చెడిందా, డ్రైవరే లేడా అని," అన్నాను.

"సరిగ్గా అదే!" అంది సంబరంగా.

అక్క నన్ను మోచేత్తో పొడిచింది. "మీ బావ నీకు బండిలా కనిపిస్తున్నారటే?"

పద్ధతి వినడానికి తేలికే. యంత్రంలో పడుకోబెట్టి, ఏదో ఒక పని చేస్తున్నట్టు ఊహించుకోమంటుంది. ఒళ్ళు కదలకపోయినా, ఊహించుకుంటే చాలు, ఆ పని తాలూకు చోట్లకు రక్తం ఎక్కువగా పారుతుందట. అది తెర మీద రంగుగా కనిపిస్తుంది. "మొదలుపెట్టండి" అనగానే రంగు రావాలి, "ఆపండి" అంటే పోవాలి.

"ఒక్కసారి వస్తే దాన్ని నేను నమ్మను. చెప్పినప్పుడల్లా వచ్చి, ఆపమన్నప్పుడల్లా పోతే, అది మనిషి," అంది.

శుక్రవారం మధ్యాహ్నం బావను లోపలికి తీసుకెళ్ళారు. మేం బయట బెంచీ మీద కూర్చున్నాం. ఇనప డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడిస్తున్నట్టు మోత గోడలోంచి వస్తోంది. అది ఆగింది, మళ్ళీ మొదలైంది, మళ్ళీ ఆగింది. అప్పుడు మమ్మల్ని యంత్రం పక్క గదిలోకి పిలిచారు.

తెర మీద బావ మెదడు బూడిద రంగులో ఉంది. ఎక్కడా రంగన్నది లేదు.

"రెండుసార్లు చేశాను," అంది డాక్టరమ్మ మెల్లగా. "నిద్రలో ఉండి ఉండొచ్చు. రంగు రాకపోతే మనిషి లేడని అర్థం కాదు, ఆ మాట రాసి కూడా ఇస్తాను. కానీ వార్డువాళ్ళు అడిగింది గుర్తు..."

అక్క ఏమీ అనలేదు. మా అక్క ఏమీ అనకపోవడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. గదిలో ఏదో ఒక మాట వినబడాలని అడిగాను.

"ఇంతకీ మా బావగార్ని ఏం ఊహించుకోమన్నారు?"

"గోల్ కొట్టమన్నాను. పరిగెత్తుకొచ్చి బంతిని బలంగా తన్నమన్నాను."

అక్క తలెత్తింది. "ఎవర్నీ? ఈయన్నా?"

"మీరే కదండీ చెప్పారు, ఫుట్‌బాలే ఆయన లోకం, రోజూ మైదానంలోనే ఉంటారని?"

"మైదానంలో ఉంటారు తల్లీ, బంతిని ముట్టుకోరు! మీదికొస్తే మేకపిల్లలా పక్కకి గెంతుతారు. ఈయన రెఫరీ!"

"పోనీ, చిన్నప్పుడైనా ఆడి ఉంటారుగా?"

"చిన్నప్పుడూ ఇదే వరస. పిల్లలంతా ఆడుతుంటే గట్టున నిలబడి తప్పులు పట్టేవారట. మా అత్తగారే చెప్పింది, అదేదో గొప్పలా."

డాక్టరమ్మ కుర్చీలోంచి లేచిన ఊపుకు జుట్టులోని పెన్సిల్ ఊడి కింద పడింది. "తన్నడం ఎలాగో ఆ మెదడుకు తెలీదు! ఆయన ఎన్నడూ చెయ్యని పని చెయ్యమన్నాను! ఆయనేం చేస్తారో చెప్పండి. చెప్పడం కాదు, చేసి చూపించండి."

అక్క చూపించింది. లేని విజిల్‌ను పళ్ళ మధ్య పెట్టి బుగ్గలు పొంగించింది. చెయ్యి విసిరి ఒక గోడకేసి చాపింది. తర్వాత, ఎదురుగా ఉన్న లేని బంతి మీంచి చూపు తియ్యకుండా, వెనక్కి వెనక్కి పరిగెత్తింది. పరిగెత్తి యంత్రం నడిపే మీసాలాయన ఒళ్ళో పడబోయింది.

"అమ్మా, కుర్చీ!" అన్నాడాయన. "డాక్టరమ్మా, తర్వాతి పేషెంటు వచ్చి కూర్చున్నాడు."

"కూర్చోనీ. నా పేరు చెప్పి కాఫీ ఇప్పించు."

ఆమె మైకు దగ్గరికి వంగింది. "రెఫరీగారూ! మీరు మైదానం మధ్యలో ఉన్నారు. వెనక్కి పరిగెడుతున్నారు. తప్పు జరిగింది, విజిల్ ఊదండి, చెయ్యి చాపండి. మొదలుపెట్టండి!"

గులకరాళ్ళ మోత మొదలైంది. రక్తం చేరడానికి కొన్ని క్షణాలు పడుతుందని ముందే చెప్పింది. ఆ క్షణాలు అక్క గోళ్ళ రూపంలో నా మణికట్టులోకి దిగాయి.

నడినెత్తి కింద నారింజ రంగు చుక్క ఒకటి పుట్టింది. పక్కన ఇంకొకటి. రెండూ కలిశాయి.

"ఆపండి," అంది డాక్టరమ్మ. రంగు మెల్లగా ఆరిపోయింది.

"మొదలుపెట్టండి." వచ్చింది!

"ఆపండి." పోయింది!

మళ్ళీ మొదలు, మళ్ళీ ఆపడం. ప్రతిసారీ అదే చోట, అదే వరసలో. మీసాలాయన లేచి నిలబడ్డాడు. తర్వాతి పేషెంటు సంగతి ఆయనే మర్చిపోయాడు. నేను చప్పట్లు కొట్టబోయి, ఆస్పత్రి అని గుర్తొచ్చి, చేతులు గాల్లోనే పట్టుకుని నిలబడ్డాను.

"ఉన్నారు!" అంది అక్క. "ఒసేయ్, లోపలే ఉన్నారే!"

డాక్టరమ్మ అక్కడితో ఊరుకునే రకం కాదు. "ఇప్పుడు ప్రశ్నలు. రెఫరీగారూ, అవును అయితే మ్యాచ్ ఆడించండి. కాదు అయితే మీ ఇంట్లో గది గదీ తిరిగి చూడండి. ఇల్లు చూసేటప్పుడు మెదడు అడుగున, వెనక వైపు రంగొస్తుంది," అని చివరి మాట మావైపు తిరిగి చెప్పింది.

ముందు జవాబు తెలిసినవి అడిగింది. "మీకు పెళ్ళైందా?" నడినెత్తిన నారింజ రంగు. అవును. "మీకు ఆరుగురు పిల్లలా?" ఈసారి అడుగున, వెనక వైపు. కాదు.

"బతికించారు," అంది అక్క, ఏడుస్తూ.

"ఒంట్లో ఎక్కడైనా నొప్పిగా ఉందా?" అడుగున, వెనక వైపే వచ్చింది. కాదు.

"ఇంకొక్కటే. ఆయన అలిసిపోతారు. మీరేమన్నా అడుగుతారా?"

అక్క కళ్ళు తుడుచుకుని, డాక్టరమ్మ చెవిలో చెప్పింది. డాక్టరమ్మ మైకులో అడిగింది. "ఇన్నాళ్ళూ మంచం దగ్గర మీవాళ్ళు మాట్లాడుకున్నవి మీకు వినబడ్డాయా?"

నడినెత్తిన రంగు భగ్గుమంది. అంత గట్టిగా అంతకుముందు ఏ జవాబుకూ రాలేదు.

అక్క నావైపు తిరిగింది. మొహంలో ఆనందం అలాగే ఉంది, దాని వెనకే కంగారు కూడా కనిపిస్తోంది. "అన్నీనా? మా అత్తగారి గురించి అన్నవి కూడానా?"

"నేను ఆయన పొట్టి నిక్కర్ల మీద చెప్పిన జోకులు కూడా," అన్నాను.

"అవి వినాల్సినవే," అంది అక్క.

వార్డు పెద్ద డాక్టరుకు ఫోన్ వెళ్ళింది. ఆయన లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగి, రొప్పుతూ వచ్చాడు. తన కళ్ళ ముందు ఇంకోసారి చేయించమన్నాడు. చేశారు, వచ్చింది. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూశాడు.

"సోమవారం ఎక్కడికీ పంపడం లేదు," అన్నాడు. "వ్యాయామం చేయించే ఆమెను పొద్దున్నే రమ్మంటాను. డాక్టరమ్మా, ఈ అవును-కాదు మంచం దగ్గర ఎలా కుదురుతుందో మీరూ నేనూ కూర్చుని చూడాలి."

బావను బయటికి తెచ్చారు. చూడ్డానికి ఏ తేడా లేదు, అదే మొహం, పైకప్పు మీద అదే చూపు. డాక్టరమ్మ నేల మీది పెన్సిల్ వెతుక్కోవడం కూడా మానేసి, తలుపు దాకా వచ్చి ఆయన చేతిని రెండు చేతులా పట్టుకుని ఊపింది.

లిఫ్టులో స్ట్రెచర్‌కు ఒక పక్క నేను, ఒక పక్క అక్క. అక్క మా మధ్య ఉన్న బావ తల మీదుగా వంగి, నా చెవి దగ్గరికొచ్చి, అసలు వినబడీ వినబడకుండా ఏదో గొణిగింది.

"ఏంటే, గట్టిగా చెప్పు," అన్నాను.

"ష్!" అంది, కళ్ళతో బావను చూపిస్తూ. ఆ కళ్ళలో అంత గర్వం నేనెప్పుడూ చూడలేదు. "నెమ్మదిగా మాట్లాడవే. ఆయనకి వినబడుతుంది."