స్టిక్ లేని ముందు సీటు

ముందు సీటులో విమానం నడిపే స్టిక్ లేదు. అది ఉండాల్సిన చోట ఒట్టి బొక్క.

కెప్టెనమ్మ రెక్క మీదే ఆగిపోయింది. ఏళ్ళ కిందట గాల్లో స్పృహ తప్పిందని లైసెన్సు లాగేసుకున్నారు. అప్పట్నుంచీ కింద నిలబడి మెడ పట్టేసేదాకా పైకి చూడటమే బతుకైంది. ఇవాళ ప్రయాణికురాలిగా పల్టీల విమానం ఎక్కనిస్తారట. ఎక్కనిచ్చేదేమిటి? ఆకాశం ఎవడబ్బ సొత్తు?

"బాబాయ్, స్టిక్ ఏదీ?"

మెకానిక్ రెక్క తుడుస్తూ తలెత్తలేదు. "పీకేశాను. షికారుకొచ్చేవాళ్ళ చేతికి ఇవ్వం."

"నేను షికారుకొచ్చానా?"

"నా నెత్తినెక్కకు తల్లీ, విమానం ఎక్కు."

వెనక సీటులోంచి, విమానం నడపబోయే గడ్డపార నవ్వాడు. ఆ పేరు ఆమె పెట్టిందే. ఆమె దగ్గర నేర్చుకునేటప్పుడు అలా బిగుసుకుపోయేవాడు మరి.

"అక్కా, పెడల్స్ పీకడం కుదర్లేదు. కాళ్ళు వెనక్కి పెట్టుకో. తాకావో, దించేస్తా."

"నాకే పాఠాలట్రా?"

"నువ్వు చెప్పినవే."

పైకి లేచారు. గాల్లో నిలువుగా కొట్టిన మొదటి చక్రంలో ఒళ్ళంతా సీటుకు అతుక్కుపోయింది, చెంపలు కిందికి జారాయి. ఆ తర్వాత పొలాలు నెత్తిమీదికొచ్చాయి. పట్టీలకు తలకిందులుగా వేలాడుతుంటే, ఇన్నేళ్ళకు తిన్నగా నిలబడ్డట్టనిపించింది ఆమెకు.

తర్వాత దొర్లుడు. విమానం ఎడమకు ఒరిగి, రెక్కలు నిటారుగా నిలిచే క్షణంలో ముక్కు కిందికి జారుతుంది. కుడి పెడల్ నొక్కి ఆపాలి. ఆమె కాలు ఆమెను అడగలేదు. నొక్కేసింది. వెనక గడ్డపారా నొక్కాడు. రెండు నొక్కుళ్ళూ కలిసేసరికి ముక్కు ఎగిరిపడి విమానం వంకరగా దొర్లింది.

"అక్కా!"

"నేను కాదురా, కాలు."

"కాలెవరిది?"

కింద రన్‌వే అగ్గిపుల్లంత కనిపిస్తోంది. వాడు అటు తిప్పితే ఇంతే సంగతులు, మళ్ళీ ఎక్కించేవాడుండడు.

"దించకురా," అంది, జన్మలో ఎవర్నీ బతిమాలని మనిషి.

గడ్డపార విమానాన్ని తిన్నగా నిలిపాడు.

"ఇంకొక్కటే. మడమలు సీటు కిందికి లాక్కో."

లాక్కుంది. రెండు కాళ్ళూ మెలేసింది. విమానం ఒరిగింది. ముక్కు జారడం కంటికంటే ముందు నడుముకు తెలిసింది. తొడ కండ పట్టేసింది. నొక్కరా, నొక్కరా వెధవా! పళ్ళు బిగబట్టిందే తప్ప కాలు కదపలేదు. వాడు తీరిగ్గా నొక్కాడు.

"ఎలా ఉందక్కా?"

"ముక్కు దించేశావు."

"నువ్వు నొక్కుతావేమోనని చూశాను."

ఆమె కాళ్ళ మెలి విప్పలేదు.

"నా కాలి కోసం చూడకు. ఇంక అది రాదు. నువ్వే నొక్కు. ఇంకోసారి తిప్పు."

గడ్డపార రన్‌వే వైపు పోలేదు. ఎడమ రెక్క నెమ్మదిగా దిగింది.