ముల్లు ఎత్తెయ్యకముందు

యాభై రికార్డులకు యాభై అట్ట కవర్లు అంటించింది ఆండాళు, అన్నం వార్చిన గంజితో. చేతిరాత బాగుంటుందని పేర్లు కూడా ఆమెతోనే రాయించాడు భర్త. గిటారు: రాధాకృష్ణ. డ్రమ్స్: బద్రీనాథ్. గానం: థండర్ బాయ్స్.

"మరి నా పేరు?"

"ఇంటి ఆడోళ్ల పేరు బజార్ల పెడ్తరా ఎవరన్న?" అన్నాడు రాధాకృష్ణ.

పాట కట్టింది ఆమే. మిర్యాలగూడలో వాళ్ల రైస్ మిల్లు ఇంజను దడదడకు పదాలు అల్లుకుంటూ బియ్యంలో రాళ్లు ఏరేది. ఆ దడదడ లాంటిదాన్నే రాక్ అంటారని, సాయంత్రాలు గోదాంలో గిటార్లు వాయించే భర్తా, అతని దోస్తులూ చెప్పేదాకా ఆమెకు తెలియదు. నిరుడు, డెబ్బై మూడులో, టేపు రికార్డరు ముందు పాడాల్సింది బద్రీనాథ్. తవుడు దుమ్ము గొంతులో పడి అతను దగ్గుతుంటే, "జర నువ్వు పాడు, ఒక్కపారే" అని వంటింట్లోంచి ఆమెను లాక్కొచ్చాడు భర్త. పాడింది. పాట ముగిసిందో లేదో, అత్త స్వరాజ్యలక్ష్మి ఇంట్లోంచి కేకేసింది. ఆండాళు పరుగెత్తింది. సంబరంలో ఎవరూ ఆ కేకను పట్టించుకోలేదు. టేపు అట్లాగే మద్రాసు పోయి, యాభై ప్లేట్లై తిరిగొచ్చింది.

అప్పటినుంచి పాట అయిపోగానే రాధాకృష్ణ గబుక్కున గ్రామఫోను ముల్లు ఎత్తేస్తాడు.

ఇవాళ సూర్యాపేట నుంచి పాండురంగం వచ్చాడు. తన సినిమా హాల్లో ఇంటర్వెల్‌కి ఈ రికార్డు వేద్దామని ఆయన ఆలోచన. ఆండాళు ఛాయ్ తెచ్చేసరికి పాట సగంలో ఉంది.

"గొంతు ఖంగుమంటున్నదయ్యా! ఎవరామె?"

"బొంబాయి ఆర్టిస్టు. పిలిపించినం," అన్నాడు రాధాకృష్ణ, కన్నార్పకుండా.

ఆండాళు ఛాయ్ కప్పు అతనికి అందించింది. బొంబాయి! ఆ బొంబాయామె ఈ దోస్తులందరికీ ఎన్ని ఛాయ్‌లు పెట్టింది, ఎన్ని ఎంగిలి ప్లేట్లు కడిగింది? పేరు దాచాడు, సరే, పరువు అనుకుంది. ఇప్పుడు గొంతునే ఎవరికో ఇచ్చేశాడు. అదీ ఆమె ఎదురుగానే, ఆమె పెట్టిన ఛాయ్ అందుకుంటూ!

పాట అయిపోయింది. రాధాకృష్ణ చెయ్యి ముల్లు వైపు పోయింది. ఆండాళు ఆ మణికట్టు పట్టుకుంది.

"జర ఆగుండ్రి."

"ఏందే, అందరి ముందట!"

ఆమె వదల్లేదు. ప్లేటు గరగరమని తిరిగింది. అందులోంచి కేక: "ఏయ్ ఆండాళూ! పాలు పొంగుతున్నయ్, ఆ పాట సాలిచ్చి రా!"

పాండురంగం కప్పు పెదాల దగ్గరే ఆగిపోయింది. ఆయన రికార్డు వంక చూశాడు, ఆండాళు వంక చూశాడు. "బొంబాయి గిక్కడ్నే ఉన్నదా రాధాకృష్ణా?"

వంటింటి గడప దగ్గరికి అత్త వచ్చింది, చేతిలో గరిటెతో. "నేను పిల్వనే లేదు గదనే!"

"పిల్సిన్రు అత్తమ్మా," అంది ఆండాళు, భర్త జేబులోంచి పెన్ను తీసి మొదటి కవరు ముందుకు లాక్కుంటూ. "గీ యాభై ప్లేట్లల్ల నా పేరు సెప్పింది మీరొక్కరే."