కంటిరెప్ప చెప్పిన వేడి

రేపల్లె కాలవగట్టున బాలస్వామి ఇల్లు. డిసెంబరొస్తే ఆ ఇంట్లో గచ్చు మీద కాలు పెట్టలేం. ఆ చలిలో మనవరాలు కరుణశ్రీ రెండు విదేశీ కొండచిలువల్ని పెంచుతోంది. గవర్నమెంటు కాగితం కూడా ఉంది. ఒకదాని పేరు మార్త, ఇంకోదాని పేరు మరియ.

"సాతానుకి బైబిలు పేర్లేంటే?" అని బాలస్వామి భార్య దానమ్మ మొదటిరోజే తగులుకుంది. మనవరాలు నవ్వేసింది.

ఆ రోజు కరుణశ్రీ బాపట్లలో పరీక్షకెళ్లింది. పొద్దున్నే ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. పాములుండే డబ్బా కింద వేడినిచ్చే కరెంటు పట్టా చల్లబడిపోయింది. దానమ్మకి జాలేసింది. తన పాత బొంత తెచ్చి డబ్బా నిండా కప్పేసింది.

పదకొండింటికి కరుణశ్రీ ఫోన్ చేసింది.

"తాతయ్యా, కరెంటు పోయిందంట కదా! చల్లబడితే చచ్చిపోతాయి. మధ్యాన్నం పేపరు మానేసి వచ్చేస్తా."

"రావద్దు. రాయి. ఎంత వేడి ఉండాలి?"

"మన ఒంటి వేడి కంటే కొంచెం తక్కువ."

"సరే," అని ఫోన్ పెట్టేశాడు బాలస్వామి.

బొంత తీసి మరియను ఎత్తాడు. బావిలోంచి తీసిన చేంతాడులా ఉంది. నాలుక కూడా ఆడించలేదు. మార్తా అంతే.

"నేను కప్పానుగా!" అంది దానమ్మ.

"పిచ్చిదానా, దాని ఒంట్లో వేడేది? బొంత వేడిని పుట్టించదే. లోపల చలి ఉంటే చలినే దాస్తుంది."

బాలస్వామి తెనాలి దగ్గర బాతుపిల్లల ఫారంలో ఇరవై ఎనిమిదేళ్లు గుడ్లు పొదిగించాడు. కరెంటు పోయినప్పుడల్లా వేయించిన ఊక వేడే దిక్కు. ఇప్పుడూ పొయ్యి రాజేసి, మూకుడులో ఊక వేయించి, రెండు చిన్న గోనెసంచుల్లో నింపాడు. గుడ్డలు చుట్టాడు. డబ్బా కింద ఒక పక్కనే పెట్టాడు.

"రెండో పక్క?" అంది దానమ్మ.

"గుడ్డు కదల్లేదు. పాము కదుల్తుంది. వేడెక్కువైతే అవతలికి పోనీ."

డబ్బా అడుగున పరిచిన గుడ్డ తీసి కంటిరెప్పకు ఆనించుకున్నాడు. ఫారంలో బాతుగుడ్ల వేడి చూసేటప్పుడూ అంతే, అరచేతిని నమ్మేవాడు కాదు. కాయలు కాసిన చెయ్యి అబద్ధం చెబుతుంది. రెప్ప చెప్పదు. వేడెక్కువైంది. ఒక సంచి లాగేశాడు. మళ్లీ చూశాడు. సరిపోయింది.

గంటగంటకీ ఊక మార్చాడు. అన్నం కూడా డబ్బా పక్కనే తిన్నాడు. మూడింటికి మరియ మెల్లగా తల ఎత్తి, నాలుక బయటపెట్టింది. వెనకే మార్త కూడా కదిలింది.

"స్తోత్రం!" అనేసి దానమ్మ నాలుక్కరుచుకుంది.

సాయంత్రం కరుణశ్రీ పరుగున వచ్చింది. సంచిలోంచి వేడి చూసే మీటరు తీసి డబ్బాలో పెట్టింది. ముప్పై ఒకటి డిగ్రీలు, సరిగ్గా కావలసినంత. ఇంకోసారి పెట్టింది. ముప్పై ఒకటే. తాత మొహంలోకి చూసింది.

"పేపరెలా రాశావు?" అన్నాడాయన.

"బాగా రాశా తాతయ్యా. కానీ రేపూ కరెంటు రాదంట. రేపూ పరీక్షే..."

"వెళ్లు."

మర్నాడు పొద్దున్నే వెళ్లింది. పన్నెండయింది. ఒంటిగంటయింది. దానమ్మ ఉండబట్టలేకపోయింది.

"నిన్న అంత కంగారుపడింది. ఇవాళ ఒక్కసారైనా ఫోన్ చెయ్యలేదేంటయ్యా?"

"ఎందుకు చేస్తుందీ?" అన్నాడు బాలస్వామి, మీసం దువ్వుకుంటూ. లేచి ఊక మార్చడానికి వెళ్లాడు.