తాగని నీళ్ళు

వాగులోంచి తెచ్చిన నీళ్ళు ఫిల్టర్ చేసి నలుగురి సీసాలూ నింపుతున్నాను. మా ఆయన జూడ్‌వి రెండూ ఖాళీ. బావగారివీ ఖాళీయే. జోసఫిన్ అక్క సీసాలు చేతిలోకి తీసుకుంటే బరువుగా ఉన్నాయి. పొద్దున కారు దగ్గర నేను నింపి ఇచ్చిన నీళ్ళు నింపినట్టే ఉన్నాయి.

యూటాలోని ఒక కాన్యన్‌లోకి, లోతైన ఎడారి లోయలోకి, ఆ రోజు ఏడు మైళ్ళు దిగాం. నూట మూడు డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండ, ఎక్కడా నీడ లేదు. ఆ దారంతా ఆమె గొంతు తడుపుకోకుండా నడిచింది.

అక్క నా తోటికోడలు. యాభై ఎనిమిదేళ్ళు. ఈ ప్రయాణం ఆమె భర్త దైవాశీర్వాదం గారి కోరిక. ఆయన నోవై అనే ఊళ్ళో కార్ల కంపెనీలో ఇంజనీరుగా చేసి ఈ మధ్యే రిటైరయ్యారు. అక్కడి తెలుగు చర్చిలో పెద్ద. తమ్ముడితో కలిసి ఒక రాత్రి, బైబిల్లో అరణ్యం అనే ఇలాంటి ఎడారిలో గడపాలనుకున్నారు. "మీరిద్దరూ రాకపోతే వంటెవరు చేస్తారు?" అని జూడ్ నవ్వుతూ అంటే, మేముండే నేపర్‌విల్‌లో నేను నర్సుగా చేసే హాస్పిటల్‌కి నాలుగు రోజులు సెలవు పెట్టాను. స్టవ్, గిన్నెలు, బియ్యం, ఫిల్టర్, మందుల డబ్బా నా బ్యాగులోకే చేరాయి.

సీసాలు పట్టుకుని టెంట్‌లోకి వెళ్ళాను. అక్క ముడుచుకుని పడుకుని ఉంది. పెదాలు తెల్లగా ఎండిపోయాయి. పిక్కలు పట్టేశాయంటోంది. నాడి చూస్తే నూట ఇరవై.

"అక్కా, చివరిసారి బాత్రూమ్‌కి ఎప్పుడెళ్ళావు?"

"పొద్దున మోటల్‌లో."

"నీళ్ళెందుకు తాగలేదు?"

ఆమె అటు తిరిగింది. "తాగితే వెళ్ళాల్సొస్తుంది కదమ్మా. ఇక్కడ చాటు ఎక్కడుంది? అందర్నీ ఆపాలి. మీ బావగారికి ఆపితే చిరాకు. నోవై నుంచి మీ ఇంటికొచ్చేటప్పుడూ అంతే, ఐదారు గంటలు ఏమీ ముట్టను. అలవాటైపోయింది."

ఆ మాట విని నేనేదో కొత్త విషయం తెలిసినట్టు ఆశ్చర్యపోలేదు. నాకూ ఆ అలవాటుంది. పెళ్ళయిన రోజున చర్చి నుంచి విందుకి వెళ్ళేటప్పుడు, "పెళ్ళికూతురు మాటిమాటికీ లేవకూడదమ్మా" అంది మా అత్తగారు. ఆ తర్వాత జూడ్ బంధువుల ముందు, "నవోమితో రోడ్ ట్రిప్ అంటే దారిలో ప్రతి రెస్ట్ ఏరియాలోనూ బాత్రూమ్ చూడాల్సిందే" అని జోకులేస్తుంటే నేను కూడా నవ్వాను. నవ్వి, మర్నాటి నుంచి కాఫీ మానేశాను. రెండుసార్లు మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే ఎవరికీ చెప్పకుండా మందులు వాడుకున్నాను. వార్డులో ప్రతి పేషెంటుకీ ఎన్ని నీళ్ళు లోపలికి వెళ్ళాయో, ఎన్ని బయటికి వచ్చాయో గంట గంటకీ రాసే నేను, నా ఒంటికి ఏం కావాలో ఎవర్నీ అడగనివ్వలేదు. నేనూ అడగలేదు. ఇప్పుడు నా ఎదురుగా ఒక మనిషి ఆ మర్యాద కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంది.

నీళ్ళలో ఉప్పు, పంచదార కలిపి చెంచా చెంచాగా తాగించాను. తర్వాత వాగు దగ్గరికి వెళ్ళాను. అన్నదమ్ములిద్దరూ నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. సంగతి చెప్పాను.

"తను అంతేనమ్మా, ఏ ట్రిప్‌కెళ్ళినా ఏదో ఒకటి. పడుకుంటే సర్దుకుంటుంది" అన్నారు బావగారు.

"రేపు నాలుగింటికే బయల్దేరాలి. ఎండెక్కితే అక్క పైకి ఎక్కలేదు."

జూడ్ నా వైపు చూశాడు. "అన్నయ్య ప్రార్థన చేసుకుని, టిఫిన్ తిని కదుల్తాడు. తొమ్మిదని అనుకున్నాం కదా. ఇక్కడ కూడా నర్సులా ఆర్డర్లు వెయ్యకు."

"నేను నర్సునే" అన్నాను.

చీకటి పడేలోపు అక్క రెండుసార్లు లేచింది. నేను దుప్పటి అడ్డం పట్టుకుని నిలబడ్డాను. నాడి తొంభైకి దిగింది.

తెల్లవారుజామున నా బ్యాగులోంచి స్టవ్, గిన్నెలు, ఫిల్టర్ తీసి మగవాళ్ళ టెంట్ ముందు పెట్టి జూడ్‌ని లేపాను.

"మేం వెళ్తున్నాం. కారు తాళాలు నేను తీసుకున్నాను. మీ నీళ్ళు ఫిల్టర్ చేసుకుని, సీసాలు నిండా నింపుకుని బయల్దేరండి. ఆలస్యం చెయ్యకండి."

"అన్నయ్యకేం చెప్పను?"

"ఉన్నది చెప్పు."

నుదుటికి లైట్లు కట్టుకుని నడిచాం. అరగంటకోసారి ఆగాం, తాగాం. మొదటి రెండుసార్లు అక్క దుప్పటి అడిగింది. మూడోసారి ఒక రాయి వెనక్కి తనే వెళ్ళి, నవ్వుకుంటూ తిరిగొచ్చింది. ఎర్రటి గోడల మీదికి వెలుగు దిగుతుంటే చాలాసేపు కూర్చుని చూశాం. తొందరపెట్టడానికి ఎవరూ లేరు. పదింటికి పైన ఉన్నాం.

వాళ్ళు మధ్యాహ్నం రెండున్నరకి వచ్చారు. బావగారి మొహం కందిపోయింది, అడుగు తడబడుతోంది. నీడలో కూర్చోబెట్టి, ఉప్పునీళ్ళు ఇచ్చి, నాడి చూశాను. కాసేపటికి తేరుకున్నారు. తేరుకోగానే భార్య వైపు తిరిగారు.

"ఎవర్నడిగి వచ్చేశావు?"

అక్క ఆయన కళ్ళలోకి చూసింది. "మీకు భయపడి నిన్నంతా నేను నీళ్ళు తాగలేదండీ" అంది. "ఇంకాస్తయితే చచ్చిపోయేదాన్ని."

జూడ్ నన్ను పక్కకి తీసుకెళ్ళాడు. "అన్నయ్య హర్ట్ అయ్యాడు. సారీ చెప్పెయ్, ఒక్క మాటతో అయిపోతుంది."

ఆ ఒక్క మాట ఇరవై రెండేళ్ళుగా చెప్తూనే ఉన్నాను. కూరలో ఉప్పు తగ్గినందుకు, డ్యూటీ నుంచి ఆలస్యంగా వచ్చినందుకు, కొన్నిసార్లు ఎందుకో కూడా తెలియకుండా.

"చెప్పను, జూడ్" అన్నాను. "చెప్పాల్సింది ఆయన. అక్కకి."

ఆయన చెప్పలేదు. అక్క విమానం టికెట్ మార్చుకుని నాతో నేపర్‌విల్ వచ్చేసింది. ఇప్పటికి మూడు వారాలు. నిన్న బావగారు ఫోన్ చేసి, "మీ అక్కని ఎప్పుడు పంపిస్తావమ్మా?" అని అడిగారు.

"పంపించేది నేను కాదు బావగారూ" అన్నాను. "రావాలనిపిస్తే తనే వస్తుంది. లేకపోతే రాదు."