నీళ్ళు రెండుసార్లు పడిన పొగాకు

మా ఆయన లింబికాని, మా అమ్మ నాలుగేళ్ళుగా ఒకే వాకిట్లో ఉంటున్నారు గానీ ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోరు. గొడవేమీ లేదు. అల్లుడు అత్తగారికి ఇచ్చే మర్యాద అది. మా చేవా తెగవాళ్ళలో ప్రతి అల్లుడూ ఇల్లరికమే కాబట్టి ఆ మర్యాద పొద్దున లేచింది మొదలు పాటించాల్సిందే. ఆయనకి ఉప్పు కావాలన్నా, అమ్మకి కట్టెలు కొట్టించుకోవాలన్నా మాట నా మీదుగా పోవాలి. నేను లేకపోతే మా మూడేళ్ళ ఉలేము ఉన్నాడు. వాడికి చెప్తున్నట్టు చెప్తే అవతలివాళ్ళు వింటారు.

నేను హైస్కూల్లో ఫారం రెండులో ఉండగా ఉలేము కడుపున పడ్డాడు. బడి అక్కడితో సరి. వాడంటే అమ్మకి ప్రాణమే, కానీ మగపిల్లాడు పెద్దయ్యాక ఇంకో ఊరికి అల్లుడై వెళ్ళిపోతాడు. ఇల్లు నిలబెట్టేది ఆడపిల్ల. అమ్మకి నేనొక్కదాన్నే కూతుర్ని.

"ఏమే తియమికే, నా తర్వాత నువ్వు, నీ తర్వాత ఎవరే? ఈ వాకిలి కోళ్ళకి అప్పజెప్పి పోనా?" అనేది మొక్కజొన్నలు దంచుతూ.

"పొగాకు అమ్ముడుపోనీ అమ్మా."

"పోయినేడూ ఇదే పాట పాడావు."

నిజమే, పాడాను. అంతకుముందు ఏడు ఆకు మోకాలెత్తు లేవకముందే వానలు ఆగిపోయాయి. పోయినేడు ఆకు బాగానే వచ్చింది, ధర పడిపోయింది. ఆ మధ్యలోనే రేడియోలో మా డబ్బు, క్వాచా, విలువ తగ్గించామన్నారు, మర్నాటికల్లా సంతలో సబ్బు బిళ్ళ సగానికి కోసి అమ్మడం మొదలుపెట్టారు. ఎరువు సంగతి చెప్పక్కర్లేదు. అలా అయినప్పుడల్లా నేను ఆసుపత్రికి నడిచి వెళ్ళి పిల్లలు పుట్టకుండా వేసే సూది వేయించుకొచ్చాను. ఆ మందు మూడు నెలలు పనిచేస్తుంది.

ఈ ఏడు పంట మా చేతికి బాగా వచ్చింది. పందిట్లో తోరణాలు కట్టిన ఆకు మచ్చ లేకుండా ఎర్రగా ఆరింది. అది చూసి మేమిద్దరం ఒక మాట అనుకున్నాం. ఏప్రిల్ సూది వేయించుకుంటాను. ఆలోపు పొగాకు తొక్కి కట్టిన బేళ్ళు వేలంలో మంచి ధరకి పోతే జులై సూదికి వెళ్ళను. మాట బయటికి పోకపోయినా అమ్మకి ఎలాగో తెలిసింది. పందిరి చుట్టూ తిరగడం మొదలుపెట్టింది, ఈనబోయే ఆవు చుట్టూ తిరిగినట్టు.

లింబికాని సరదాగా ఉండేవాడు. "ఆడపిల్ల పుడితే ఫోడ్యా అని పేరు పెడదాం," అన్నాడు. ఫోడ్యా అంటే పొగాకు.

"ఛీ, పుట్టడమే తుమ్ముతూ పుడుతుంది."

"తుమ్మనీ. బతికుందని తెలుస్తుంది కదా."

ఏప్రిల్ ఆఖరులో ఒక రోజు తెల్లారకముందే నేను ఉలేముని వీపున కట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాను. వాడిని తూకం వేయించాలి, నా సూదీ వేయించుకోవాలి. తిరిగొచ్చేసరికి మధ్యాహ్నమైంది. లారీ చెప్పిన రోజు కంటే ముందే ఊళ్ళోకి వచ్చేసిందట, డ్రైవరు హారన్ మోగిస్తూనే ఉన్నాడు. లింబికాని, అతని స్నేహితుడు కలిసి ఆఖరి రెండు బేళ్ళు తొక్కి కుడుతున్నారు. అంతకుముందు వారమే కట్టిన బేలు ఒకటి అప్పటికే లారీ ఎక్కింది. కిందపడిన ఆకొకటి తీసి చేతిలో నలిపాను. పెళుసుగా లేదు, గుడ్డలాగా మడత పడింది. తొక్కడానికి కావాల్సిన పదును బాగా కుదిరింది అనుకున్నాను. అమ్మ గడప మీద కూర్చుని ఎవరికీ చెప్పని సంతోషంతో వేరుశనక్కాయలు ఒలుస్తోంది.

లారీ వెళ్ళాక వారాలు గడిచాయి. పట్నంలో వేలం దగ్గర బేళ్ళు గుట్టలుగా పడి ఉన్నాయనీ, మా వంతు ఇంకా రాలేదనీ కబురొచ్చింది. లింబికాని తనే బయల్దేరి వెళ్ళాడు. జూన్ నెలలో, చలి బాగా ముదిరాక, ఒక సాయంత్రం ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

నేను సంకటి వడ్డించాను. అమ్మ పొయ్యికి అటు పక్క, ఆయన ఇటు పక్క గోడకి తిరిగి కూర్చున్నారు. ఉలేము మధ్యలో కూర్చుని కూరలో వేళ్ళు ముంచుకుంటున్నాడు.

"ఒక బేలు పోయింది," అన్నాడు లింబికాని నాతో. "అది ఎరువు బాకీకీ లారీ కిరాయికీ సరిపోయింది. మిగతా రెండూ వద్దన్నారు."

"వద్దంటే? ఆకు బంగారంలాగా ఉందిగా!"

"పైన బంగారమే. కొనేవాడు బేలులోకి మోచేతి దాకా చెయ్యి దోపాడు. ఒక పిడికెడు బయటికి లాగి వాసన చూశాడు. నా వైపు కూడా చూడలేదు, పక్క బేలు దగ్గరికి వెళ్ళిపోయాడు. లోపలంతా బూజు. తెల్లగా, పెరుగు తోడుకున్నట్టుంది."

ఆయన కొడుకు తల మీద చెయ్యి వేశాడు.

"ఉలేమూ, మీ అమ్మమ్మకి చెప్పు నాన్నా. లారీ వచ్చిన రోజు మంచు సరిగ్గా పడక ఆకు మెత్తబడలేదు, చిట్లిపోతోందని తెల్లారుతూనే నేను నీళ్ళు చల్లి గోనెలు కప్పాను. ఒక్కసారే చల్లాను. ఎప్పుడూ చల్లేటంతే చల్లాను. మరి అంత బూజు ఎందుకు పట్టిందో నాకు అర్థం కావడం లేదు."

ఉలేము వేలు నాక్కుంటూ అమ్మమ్మ వైపు చూశాడు.

అమ్మ పొయ్యిలో కట్టె సర్దింది. "ఉలేమూ," అంది, "మీ నాన్నకి చెప్పమ్మా. ఆయన పొలానికి పోయాక నేను గోనెలు తీసి చూశాను. పైన ఆకు పెళుసుగానే కనిపించింది. లోపల చెయ్యి పెట్టి చూసే బుద్ధి లేకపోయింది నాకు. ఇంకాస్త మెత్తబడితే బాగుంటుంది, నాలుగు కిలోలు ఎక్కువ తూగినా తూగుతుందని నేనూ చల్లాను. కుండెడు."

"కుండెడు," అన్నాడు ఉలేము, ఆ ఒక్క మాటా నచ్చి.

ఆ రోజు నేను ఇంట్లో ఉండి ఉంటే నీళ్ళు చల్లానని ఆయన నాతో అనేవాడు, నేను అమ్మతో అనేదాన్ని. లింబికాని కోప్పడలేదు. అత్తగారి మీద కోప్పడటానికి దారే లేదు. లేచి బయటికి వెళ్ళి, అవసరం లేకపోయినా కట్టెలు కొట్టాడు.

మర్నాడు అమ్మ నన్ను బావి దగ్గర పట్టుకుంది. "నా వల్ల పంట పోయింది, దాంతోపాటు పిల్లనీ పోనివ్వకే. వచ్చే ఏడు ఎవరు చూశారు? మేము సబ్బు ధర చూసుకుని కన్నామా మిమ్మల్ని?"

"నువ్వు ఐదుగురిని కన్నావమ్మా. నేనొక్కదాన్నే మిగిలాను."

అమ్మ బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

లింబికానిని అడిగితే, "నువ్వెలా అంటే అలాగే. కనాల్సింది నువ్వు," అన్నాడు. అంతలోనే, "ఏ సంగతైనా వచ్చే ఏడు తేలుతుందిలే," అన్నాడు. మూడేళ్ళుగా మా ఇంట్లో అన్నీ వచ్చే ఏడే తేలుతున్నాయి.

జులైలో ఆసుపత్రికి వెళ్ళాను. నర్సు ఎంబేవె నన్ను చూడగానే నవ్వింది.

"మళ్ళీ నువ్వేనా? పిల్లాణ్ణి మోసుకుంటూ ఇంత దూరం ఎన్నిసార్లు తిరుగుతావే పిల్లా? చేతిలో చర్మం కింద మందు పుల్లలు పెట్టించుకో. ఐదేళ్ళ పాటు నీ మొహం నాకు చూపించక్కర్లేదు."

బల్ల మీద కూర్చున్న ఒకావిడ చొక్కా చెయ్యి మోచేతి పైకి మడిచి చూపించింది. "పెట్టించుకో చెల్లీ. నేను మర్చిపోయి హాయిగా ఉన్నాను."

నేను ఆలోచించాను. ఐదేళ్ళకి ఉలేము బడిలో ఉంటాడు, ఫీజు కట్టగలిగితే. లింబికాని ఇక్కడే ఉండొచ్చు, ఊళ్ళో చాలామందిలాగా పని వెతుక్కుంటూ జోహన్నెస్‌బర్గ్ వెళ్ళిపోనూవచ్చు. అమ్మ ఉంటుందో లేదో. వచ్చే ఏడే పొగాకు ధర పలకొచ్చు. అలా పలికితే నా చేతిలో ఆ పుల్లలు ఉంటాయి. ఐదేళ్ళు వద్దనడానికి కూడా ఐదేళ్ళ మీద నమ్మకం ఉండాలి. నాకు వానలు మొదలయ్యే దాకానే కనిపిస్తుంది. కంటానని చెప్పడానికి ఎంత భయం వేసిందో, కననని చెప్పడానికీ అంతే భయం వేసింది.

"మూడు నెలలదే వెయ్యండి సిస్టర్."

"మొండిదానివి," అని ఆవిడ సీసా వెలుతురుకి ఎత్తి చూసింది. "అక్టోబరులో రా. అప్పటికి మందు వస్తుందో రాదో మాత్రం చెప్పలేను."

"మీకు కూడా తెలియదా?"

"నాకెవరు చెప్తారమ్మా? చెయ్యి వదులుగా పెట్టు."