గడప నుంచి కొలత

“ఆ పసుపు గీతల గోల తీసెయ్యవే. ఆ గడపల పట్టిక కూడా లేపెయ్. చదివినవాళ్ళు నవ్వుతారు,” అన్నాడు బుచ్చిబాబు, ఇడ్లీ ముక్క పచ్చడిలో ముంచుతూ.

నాగదుర్గ అతని తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తోంది. కాలరు మీద ఇస్త్రీపెట్టె ఒక్క క్షణం ఆగింది. ఇంకో క్షణం ఆగితే చొక్కా మాడేది.

“పట్టిక తీసేస్తే కొలతలు ఎక్కడ నుంచి తీశామో తెలియదు కదండీ,” అంది.

“నీళ్ళ లోతు ఎవడైనా నేల నుంచే కొలుస్తాడు. ఇంకో సంగతి. పెదగరువులంకలో రెండడుగుల నీళ్ళని రాసి, వరదలో జనం తలదాచుకునే భవనం ఏడడుగుల ఎత్తున కట్టమంటావేమిటి? మూడు చాలు. ఖర్చు తగ్గించానని మెచ్చుకుంటారు. దిద్దెయ్.”

మామూలుగా అయితే ఆమె ఇంకో రెండుసార్లు చెప్పేది. గీత గీసి చూపించేది. అతను విసుక్కునేవాడు. ఆఖరికి ఆమె చెప్పినట్టే రాయించుకుని, ఆ తెలివి తనదే అన్నట్టు వెళ్ళేవాడు. పదకొండేళ్ళుగా అలాగే జరిగింది. కానీ ఆ పొద్దున పాలు కాస్తూ ఆమె వరద ప్లాను మొదటి పేజీ చూసింది. ‘రూపకల్పన: బుచ్చిబాబు’ అని ఉంది. తన పేరు కూడా వేయిస్తానని వినాయకుడి మీద ఒట్టేసి చెప్పాడు మరి! పేజీలన్నీ తిరగేసింది. చిట్టచివర, అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో దొరికింది. ‘టైపింగ్ సహకారం: శ్రీమతి బుచ్చిబాబు.’

పాలు పొంగాయి. ఆమె స్టవ్వు కట్టెయ్యలేదు.

“అలాగేనండీ,” అంది ఇప్పుడు. “తీసేస్తాను. దిద్దేస్తాను.”

అంత మెత్తగా ఒప్పుకున్నందుకైనా అతనికి అనుమానం రావలసింది. రాలేదు. ఇంకో ఇడ్లీ వేసుకున్నాడు.

అది 2008. వానల తీరు మారిందని, నెల రోజుల వాన ఒక్క పూటలో కుమ్మరిస్తోందని, దానికి తట్టుకునేలా పంచాయతీలూ మునిసిపాలిటీలూ ఎవరి ప్లాను వాళ్ళు వేసుకోవడానికి సాయం చేస్తామని హైదరాబాదు నుంచి ఒక సంస్థ ఏలూరు వచ్చింది. కొల్లేటి లంకల్లో పద్నాలుగు ఊళ్ళ పని బుచ్చిబాబుకి అప్పగించింది. బుచ్చిబాబుకి చేపల చెరువు వాసన తగిలితే తలనొప్పి. పడవెక్కితే కళ్ళు తిరుగుతాయి. ఇళ్ళలో ఆడవాళ్ళు అతనితో మాట్లాడరు. “నువ్వు ఎమ్మెస్సీ చదివి ఇంట్లో ఊరికే ఉన్నావు కదే, నాలుగు ఊళ్ళు చూసి రారాదూ?” అన్నాడు. ఊరికే ఉండడమంటే ఆయన దృష్టిలో తెల్లారి అయిదింటికి లేచి, వాకిలి ఊడ్చి, ముగ్గురికి వండి, అత్తగారి కాళ్ళకి మందు రాసి, మధ్యాహ్నం పిల్లలకి ట్యూషన్ చెప్పడం. వెళ్ళి వచ్చాక ఆ ఊరికే చేసే పనులన్నీ ఆమె కోసమే కాచుకుని ఉండేవి. నాలుగు ఊళ్ళు పద్నాలుగయ్యాయి. “పరాయి ఇళ్ళ గడపలు కొలిచే కోడలు నాకే దొరికింది. మన గడప మొహం చూసి ఎన్నాళ్ళయిందమ్మా?” అనేది అత్తగారు జ్ఞానప్రసూనాంబ, వీధిలో నలుగురూ వినేలాగ.

మాటలు పడడం నాగదుర్గకి అలవాటే. ఒక్క మాట మాత్రం అరగలేదు. సంస్థ పెద్ద షాయిస్తా మేడమ్ మొదటిసారి లంకలకి వచ్చిన రోజున, కారు వెళ్ళే ఒక ఊళ్ళో టేపుతో నిలబడ్డ నాగదుర్గని చూసి, “ఈవిడ?” అని అడిగింది.

“మా ఆవిడండీ. టేపు పట్టుకోడానికి తీసుకొచ్చాను,” అన్నాడు బుచ్చిబాబు.

ఆ టేపు కుట్టుమిషను టేపు. నాగదుర్గది. దాంతో ఆమె కొలిచింది ఏమిటో బుచ్చిబాబుకి ఎప్పుడూ తెలియలేదు. లంక ఊళ్ళలో ఇల్లు కట్టాలంటే ముందు మట్టి తెచ్చి దిబ్బ పోస్తారు. కలిగినవాళ్ళ దిబ్బ మనిషి ఛాతీ ఎత్తు, లేనివాళ్ళది మోకాటి ఎత్తు. వరద తీశాక మగవాళ్ళు పడవలూ వలలూ చూసుకోడానికి పోతారు. ఆడవాళ్ళు బురద ఎత్తి, గడప కడిగి, పసుపు రాసి, ఆ పసుపు వేలితోనే ద్వారబంధం మీద నీళ్ళు నిలిచినచోట ఒక గీత గీస్తారు. మళ్ళీ వరద ఆ గీత దాటకూడదని దణ్ణం పెట్టుకుంటారు. ఏటా ఉగాదికి ఇల్లంతా సున్నం వేసినా గీతల జోలికి పోరు, పాతబడితే మళ్ళీ పసుపు దిద్దుతారు. ఏ ఆఫీసు కాగితంలోనూ లేని ముప్ఫై ఏళ్ళ వరదలు ఆ ద్వారబంధాల మీద ఉన్నాయి. నాగదుర్గ గడప నుంచి గీతకి ఒక కొలత తీసింది, వీధి నేల నుంచి గడపకి ఇంకో కొలత తీసింది. రెండూ కలిపితేనే నీళ్ళ లోతు. రెండోది లేకపోతే మొదటిది ఎందుకూ పనికిరాదు.

ఆ రెండోదే బుచ్చిబాబు లేపెయ్యమన్నది.

ఆమె కంప్యూటరు ముందు కూర్చుని పట్టిక మొత్తం తీసేసింది. ఏడు కొట్టేసి మూడు వేసింది. తరవాత బస్సెక్కి రేవు దాకా వెళ్ళి, పడవ నడిపే పేతురుతో ఒక్క మాట చెప్పి వచ్చింది. “ఎల్లుండి ఏలూరులో సమావేశం. పెదగరువులంక నాంచారమ్మగారిని తప్పకుండా తీసుకురావాలి. ముందు వరసలో కూర్చోబెట్టు.”

మనుషుల ప్రాణాలతో ఆడే పగ ఆమెకి అక్కర్లేదు. ఒక్క మనిషి పరువు చాలు.

సమావేశం హాలు నిండింది. సర్పంచులు, ఇంజనీర్లు, లంకల నుంచి వచ్చిన ఆడవాళ్ళు. ప్లాను అమలుచేసే మూడేళ్ళ పని నడిపించే బాధ్యత ఎవరిదో ఈ పూటే తేలుతుందని బుచ్చిబాబు కొత్త బూట్లు కూడా కొన్నాడు. నాగదుర్గ వెనక గోడ పక్కన కూర్చుంది, ఒళ్ళో సంచీ పెట్టుకుని.

“పెదగరువులంకలో ఎంత పెద్ద వరదకైనా రెండడుగుల నీళ్ళేనండి,” అన్నాడు బుచ్చిబాబు మైకులో. “మూడడుగుల ఎత్తున భవనం కడితే ఊరంతా క్షేమం. ఇంటింటికీ తిరిగి స్వయంగా నేనే కొలిచానండి.”

ముందు వరసలో నాంచారమ్మ లేచింది. డెబ్భై ఏళ్ళ మనిషి. చేపల గంప మోసి మోసి మెడ కాస్త పక్కకి వాలింది.

“బాబుగారండీ, రెండడుగుల నీళ్ళకి మా కోళ్ళు కూడా బెంగెట్టుకోవండి. మొన్నటి పెద్ద వరదకి మంచం మీద మంచం ఏసుకుని రెండు రోజులు కూకున్నావండి. ఈధిలో మడిసి మునిగిపోయే నీళ్ళండి.”

“అమ్మా, ఇది చదువుకున్నవాళ్ళు తీసిన కొలత. మీ ఇల్లు కూడా నేను కొలిచానమ్మా.”

“అలాగాండీ! మా గడపెక్కడానికి మెట్లెన్ని బాబూ?”

బుచ్చిబాబు నవ్వబోయాడు. “రెండో... మూడో...”

“ఆరండి!”

లంకల ఆడవాళ్ళు ఒక్కసారి గొల్లున నవ్వారు. ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. “పాపం, బాబుగారు ఎగిరి లోపలికి దూకినట్టున్నారే!” అంది ఇంకొకావిడ. సర్పంచులు కూడా నవ్వారు. షాయిస్తా మేడమ్ మాత్రం నవ్వలేదు.

“బుచ్చిబాబు గారూ, ఈ రెండడుగులు ఎక్కడ నుంచి కొలిచారు?”

“నేల నుంచేనండి.”

“గడప నుంచండి!” అంది నాంచారమ్మ. “ఎనకాల కూకున్న ఆ అమ్మగారు కొలిచారు. ఈయన మా ఊరు రేవు కూడా దిగలేదండి.”

తలలన్నీ వెనక్కి తిరిగాయి. బుచ్చిబాబు ప్లాను కాగితాలు గబగబా తిరగేశాడు. పెళ్ళయిన పదకొండేళ్ళలో మొదటిసారి అతని గొంతులో బతిమాలింపు వినిపించింది.

“దుర్గా, ఆ పట్టికేదీ? గడపల పట్టిక?”

నాగదుర్గ లేచింది. తొందరపడలేదు. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

“తీసెయ్యమన్నారు కదండీ,” అంది, ఇంట్లో కాఫీ అందించేటంత వినయంగా. “తీసేశానండీ.”

హాల్లో ఫ్యాన్లు తిరిగే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆ చప్పుడు ఆమెకి ఎంతో కమ్మగా వినిపించింది. కడుపునిండా విని, అప్పుడు సంచీలోంచి నోటుపుస్తకం తీసి షాయిస్తా చేతిలో పెట్టింది. పద్నాలుగు ఊళ్ళు, మూడు వందల పన్నెండు గడపలు, ప్రతి ఇంటికీ రెండు కొలతలు. నాంచారమ్మ ఇంటి గడప నాలుగడుగులు, దాని మీద నీళ్ళు రెండడుగులు. మొత్తం ఆరు. భవనం ఏడడుగుల ఎత్తున ఉండాలి.

షాయిస్తా చాలాసేపు పేజీలు తిప్పింది. “ఈ ప్లానులో మీ పేరెక్కడుందండీ?”

“ఆఖరి పేజీలో అడుగున ఉందండీ మేడమ్. అది కూడా మావారి పేరే.”

ఈసారి షాయిస్తా కూడా నవ్వింది. ఆ సాయంత్రానికే ఉత్తర్వు తయారైంది. పదిహేను రోజుల్లో అన్ని ఊళ్ళూ మళ్ళీ సరిచూడాలి. బాధ్యురాలు నాగదుర్గ. ప్లాను మొదటి పేజీ మీద ఆమె పేరు.

“మీకు సాయం ఎవరు కావాలండీ? ఆఫీసులో ఎవర్ని అడిగినా ఇస్తాను.”

“టేపుకి రెండు కొసలుంటాయండీ. రెండో కొస పట్టుకోడానికి ఒకరు చాలు,” అంది నాగదుర్గ. “మావారిని పంపండి.”

ఉద్యోగం నిలవాలంటే బుచ్చిబాబు వెళ్ళక తప్పలేదు. ఇంటికి రాగానే అత్తగారు అందుకుంది. “మగాణ్ణి పదిమందిలో అలా నిలబెడతావటే? ఎవరు నేర్పారే నీకిది?”

“మీరేనండీ అత్తయ్యగారూ. చెప్పింది చెప్పినట్టు చెయ్యమని రోజూ నేర్పారు కదండీ. మొన్నటిదాకా సరిగ్గా రాలేదు.”

సోమవారం ఎండ చురుక్కుమంటోంది. పేతురు పడవలో బుచ్చిబాబు జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని దారిపొడుగునా కళ్ళు మూసుకునే కూర్చున్నాడు. పెదగరువులంకలో దిగి, కొత్త బూట్లు బురదలో దిగబడుతుంటే ఈడ్చుకుంటూ వచ్చాడు. నాంచారమ్మ ఇంటి ముందు నాగదుర్గ ఆరు మెట్లూ ఎక్కి గడప దగ్గర నిలబడి టేపు కిందికి వదిలింది.

“కూర్చోండి. నేలకి ఆనించి పట్టుకోవాలి. ఇంకా కిందికండీ.”

అతను కూర్చున్నాడు. సున్నా అంకె ఉన్న కొసని బురదకి ఆనించి, తల వంచుకుని పట్టుకున్నాడు.

చుట్టుపక్కల ఆడవాళ్ళు పనులు మానుకుని మూగారు. నాంచారమ్మ నోట్లో చుట్ట తీసి, కిందకి వంగి చూసి, తెలియనట్టు అడిగింది.

“ఆయనెవరండీ అమ్మగారూ?”

నాగదుర్గ అంకె చదివి, నోటుపుస్తకంలో రాసుకుని, అప్పుడు తలెత్తింది.

“మావారండీ. టేపు పట్టుకోడానికి తీసుకొచ్చాను.”