రెండిళ్ళు, ఒక పొయ్యి

ఉదయగిరి కొండ కింద ప్రభుత్వం కడుతున్న కాలనీలో ఒక్క ఇల్లయినా రాకపోతుందా అని కరీంబీ, ఆదిశేషమ్మ చెరొక అర్జీ పెట్టారు. ఎనభై నాలుగులో ఇద్దరికీ ఇళ్ళు వచ్చాయి. కరీంబీది మొదటి వరుస, ఆదిశేషమ్మది చివరి వరుస. ఊళ్ళో అందరూ అదృష్టమన్నారు. వాళ్ళిద్దరూ తల పట్టుకున్నారు.

ఆదిశేషమ్మ మొగుణ్ణి వదిలేసి కరీంబీ దగ్గరికి వచ్చి ముప్పై ఏళ్ళయింది. అప్పటినుంచీ ఒకే పక్క, ఒకే కంచం. కరీంబీ చెక్క గరిటెలు చెక్కితే ఆదిశేషమ్మ వాటిని ఆత్మకూరు తీసుకుపోయి అమ్మేది. అరవై దాటాక ఇప్పుడు వేరు పడాలట.

రూలు ఒకటే. పొయ్యికొక కుటుంబం, కుటుంబానికొక ఇల్లు. పొయ్యి వెలగకపోతే ఇల్లు రద్దు. వేరే కుటుంబాన్ని చేర్చుకున్నా రద్దే. గుమాస్తా రామనారాయణ శనివారం శనివారం వచ్చి పొయ్యి మీద చెయ్యి పెట్టి చూసేవాడు. అందుకని ఆ రోజు మాత్రం ఆదిశేషమ్మ మోకాళ్ళు పట్టుకుంటూ చివరి వరుసకు పోయి, ఉత్తి నీళ్ళు కాస్తూ కూర్చునేది.

ఒకసారి ఆయన బుధవారం ఊడిపడ్డాడు. మొదటి వరుస ఇంట్లో ఆదిశేషమ్మ కాళ్ళు చాపుకుని ఉంటే, కరీంబీ ఆముదం రుద్దుతోంది.

"ఏందమ్మా ఇది?"

"చుట్టపుచూపుగా వచ్చినా సార్," అంది ఆదిశేషమ్మ.

"ఎప్పుడొచ్చినావు?"

"ముప్పై ఏండ్లాయ," అంది కరీంబీ, అబద్ధం చేతగాక.

"నోరు మూసుకోవే!"

రామనారాయణ నవ్వు ఆపుకున్నాడు. "ఇట్లయితే రెండిళ్ళూ పోతాయి."

"నా ఇల్లు తీసేసుకోండి సార్," అంది ఆదిశేషమ్మ. "నన్ను దీనింట్లో రాయండి."

"వచ్చిన ఇల్లు వద్దనేవాళ్ళను నేను చూళ్ళేదు. ఆమెకు ఏమవుతావని రాయాల?"

"ఏమవుతానో ఊరంతా ముప్పై ఏండ్లుగా చెప్పుకుంటాండారు. మీ చెవిన మాత్రం పళ్ళేదా?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. గొంతు సవరించుకుని కాగితం తీశాడు. "సామాను వేరుంటే కుటుంబం వేరే. ఏది ఎవరిదో చెప్పండి. కంబళి?"

"నాది," అంది ఆదిశేషమ్మ.

"మోసుకొచ్చింది నువ్వు. బేరమాడింది నేను."

"పెట్టె?"

"దానిది. బీగం నాది."

"రుబ్బురోలు?"

"రోలు నాది సార్, పొత్రం దానిది."

"అద్దం?"

"పొద్దున దానిది. మాపున నాది."

అరగంటకు కాగితం నిండా కొట్టివేతలే మిగిలాయి. రామనారాయణ దాన్ని చించేశాడు. "మీ సామాను దేవుడొచ్చినా పంచలేడు," అని ఇంకో కాగితం మీద రాసి, పైకి చదివాడు: "పొయ్యి ఒకటి. మనుషులు ఇద్దరు. ఇల్లు ఒకటి."

కరీంబీ కళ్ళు తుడుచుకుంది.

"ఆముదం చేత్తో కండ్లు తుడుచుకుంటారటే!" అని ఆదిశేషమ్మ కసురుకుని, తన కొంగుతో తుడిచింది.

"ఇంక ఒకటే ఉండాది," అన్నాడాయన. "ఇంటి పెద్ద ఎవరు?"

"నేనే," అన్నారు ఇద్దరూ.

రామనారాయణ పెన్నుకు మూత పెట్టి, టీ ఉంటే కాసిని పొయ్యమన్నాడు.